పిడికెడు మన్ను: వేరు బుడిపెల నుంచి జీవన ఎరువుల దాకా

కృష్ణా, గోదావరి డెల్టాల మాగాణి సేద్యంలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఇంకా ఆరకముందే, నిలిచివున్న పైరులో మినుములో పెసలో పిల్లిపెసరో వెదజల్లే ఆచారం చాలాకాలంగా ఉంది. దానికి దుక్కి అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, తడి పెట్టే పని కూడా లేదు. వరి విడిచిపెట్టిన తేమతోనూ శీతకాలపు మంచుతోనూ ఆ పైరు ఎదిగి, గింజనో పశువుల మేతనో ఇచ్చి, పోతూ పోతూ నేలకు కొంత సత్తువ మిగిల్చేది. మెట్ట ప్రాంతాల్లో జొన్నలో కంది సాళ్లు వేయడం, మాగాణిలో జనుమునూ జీలుగునూ పూతదశలో కలియదున్నడం, కానుగ రొట్ట నరికి తెచ్చి దమ్ములో తొక్కించడం ఈ కోవకు చెందిన పనులే. ఇవి ఫలిస్తాయని రైతులకు తెలుసు. ఎందువల్ల ఫలిస్తాయో 1886 వరకు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. తెలిసిన నాటినుంచి నేటివరకు నడిచిన కథంతా ఒక్క ప్రయత్నం చుట్టూ తిరిగింది: మేలు చేసే సూక్ష్మజీవిని ఒక నేలనుంచి తీసి, మట్టిలోనో సీసాలోనో దూదిలోనో బొగ్గుపొడిలోనో పెట్టి, మరో నేలకు చేర్చడం. ఈ కథలో జయాపజయాలను నిర్ణయించింది ఆ జీవి గొప్పతనం కంటే ఎక్కువగా దాన్ని మోసిన పదార్థమూ, అది దిగిన నేలా.

పప్పుజాతి పైర్లు నేలను బాగుచేస్తాయన్న గమనింపు ఏ ఒక్క దేశానికీ సొంతం కాదు. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ చిక్కుడు జాతి మొక్కలు నేలకు బలమిస్తాయని రాశాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా లూపిన్ మొక్కను పచ్చిరొట్టగా దున్నమన్నాడు. ఆరవ శతాబ్దపు చైనా గ్రంథం ‘చిమిన్ యావోషు’లో జియా సిషియే పచ్చిరొట్ట ఎరువులన్నింటిలో పెసరకు పెద్దపీట వేశాడు. మన దేశంలో సురపాలుడి ‘వృక్షాయుర్వేదం’ జంతు పదార్థాలను నీటిలో పులియబెట్టి తయారుచేసే కునపజలాన్ని చెట్లకు పోయమంటుంది; పులియడమంటే సూక్ష్మజీవుల పనే కనుక, ఆ ద్రవం వాటి పెంపకమే అయివుండాలి. అయితే వీటిని చూపి ప్రాచీనులకు సూక్ష్మజీవశాస్త్రం తెలుసునని వాదించడం చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది. వారికి తెలిసింది ఫలితం, ఆ ఫలితాన్ని తరతరాలుగా నిలుపుకునే క్రమశిక్షణ. అవి తక్కువవేమీ కావు.

కారణం కోసం వెతుకులాట నత్రజనితో మొదలైంది. గాలిలో దాదాపు 78 శాతం నత్రజని వాయువే అయినా, దాని అణువులోని రెండు పరమాణువులను కలిపివుంచే బంధం ఎంతో గట్టిది కనుక మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. అమ్మోనియంగానో నైట్రేటుగానో మారి నేలనీటిలో కరిగిన తరువాతనే వేరుకు అందుతుంది. 1830లలో ఫ్రెంచి శాస్త్రవేత్త బుస్సంగో ఆల్సేస్ ప్రాంతంలోని తన కమతంలో పొలానికి ఎంత నత్రజని చేరిందో, పంటతో ఎంత బయటికి పోయిందో తూచి లెక్కగట్టి, గోధుమ వేసిన మట్టిలో పెరుగుదల కనిపించకపోగా క్లోవరు, బఠాణీ వేసిన చోట ఎక్కడినుంచో అదనపు నత్రజని వచ్చి చేరుతున్నదని 1838లో ప్రకటించాడు. జర్మనీ రసాయనశాస్త్ర దిగ్గజం లీబిగ్ దీన్ని అంగీకరించలేదు. వర్షంతో దిగివచ్చే అమ్మోనియా అన్ని మొక్కలకూ సరిపోతుందన్నది అతడి వాదం.

ఈ తగవును తేల్చడానికి ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు, అమెరికానుంచి వచ్చిన ఎవాన్ ప్యూ అనే యువ రసాయనవేత్తతో కలిసి 1857 నుంచి చేసిన ప్రయోగం విజ్ఞానచరిత్రలో ఒక విచిత్రమైన ఘట్టం. మట్టిలో లోగడ ఉన్న నత్రజని లెక్కను తప్పించకూడదని వారు దాన్ని ఎర్రగా కాల్చి కడిగారు. గాలిలోని అమ్మోనియా చొరబడకూడదని గాజు గోళాల కింద మొక్కలు పెంచి, లోపలికి వెళ్లే గాలిని ఆమ్లం గుండా పంపారు. పోసిన నీరు సైతం బట్టీపట్టినదే. అంత జాగ్రత్తగా పెంచిన చిక్కుడు, బఠాణీ, క్లోవరు మొక్కల్లో గాలి నత్రజని ఒక్క రవ్వ కూడా చేరలేదు. మొక్కలకు ఆ శక్తి లేదని 1861లో వెలువడిన వారి నివేదిక చెప్పింది. అప్పటికి అంతకంటే నిర్దుష్టమైన ప్రయోగం మరొకటి లేదు కనుక లోకమంతా ఒప్పుకుంది. వారు చెప్పింది అక్షరాలా నిజం కూడా: మొక్కకు ఆ శక్తి లేదు. ఆ శక్తి ఉన్న జీవిని, మట్టిని కాల్చినప్పుడే వారు చంపేశారు. ప్రయోగం ఎంత శుభ్రంగా జరిగితే సమాధానం అంత దూరమైంది. లాస్, గిల్బర్ట్ ఇద్దరూ ముప్పై ఏళ్ల తరువాత ఆ ప్రయోగాన్ని కాల్చని మట్టి రసం కలిపి తిరిగి చేసి, కొత్త సిద్ధాంతాన్ని సమర్థించేంత కాలం బతికారు. పెన్సిల్వేనియా వ్యవసాయ కళాశాలకు మొదటి అధ్యక్షుడైన ప్యూకు మాత్రం అంత ఆయుష్షు లేకపోయింది.

పప్పుజాతి మొక్కల వేళ్ల మీద గింజల్లా వేలాడే బుడిపెలను అంతకుముందే చాలామంది చూశారు, రోగమనో తిండి దాచుకునే గదులనో అనుకున్నారు. రష్యా శాస్త్రవేత్త వొరోనిన్ 1866లో లూపిన్ బుడిపెను కోసి సూక్ష్మదర్శినిలో చూసి, అందులో బ్యాక్టీరియా ఉన్నదన్నాడు. పప్పుజాతి పొలంలో చేరే అదనపు నత్రజనినీ ఈ బ్యాక్టీరియానూ ముడివేసినవారు జర్మనీలోని బెర్న్‌బుర్గ్ ప్రయోగశాల అధిపతి హెల్రీగెల్, అతడి సహచరుడు విల్‌ఫార్త్. నత్రజని లేని ఇసుక కుండీల్లో ఓట్స్, బార్లీ పెంచితే, కలిపిన నైట్రేటు ఎంతో పెరుగుదల అంత అన్నట్లు తూచినట్టుగా వచ్చేవి. బఠాణీ మాత్రం ఏ లెక్కకూ లొంగలేదు. ఒకే రకం ఇసుకలో, ఒకే రోజు నాటిన కుండీల్లో ఒకటి ఆకలితో ఎండిపోతే పక్కది గుబురుగా పెరిగేది. బాగా పెరిగిన ప్రతి మొక్క వేరుకూ బుడిపెలు ఉండేవి, ఎండిన వాటికి ఉండేవి కావు. శుద్ధిచేసిన ఇసుకలో మామూలు పొలపు మట్టిని నానబెట్టి వడకట్టిన నీరు కొద్దిగా పోస్తే బఠాణీకి బుడిపెలు వచ్చాయి. ఆ నీటినే మరిగించి పోస్తే రాలేదు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి తేలింది: బఠాణీకి పనిచేసిన మట్టి రసం లూపిన్‌కు పనిచేయలేదు, దానికి లూపిన్ పెరిగిన పొలపు మట్టే కావలసివచ్చింది. 1886లో బెర్లిన్ సమావేశంలో ప్రకటించి, 1888లో పూర్తి వివరాలతో అచ్చువేసిన ఈ ఫలితాలతో యాభై ఏళ్ల వివాదం ముగిసింది. అదే ఏడు హాలండులో బెయెరింక్ ఆ బ్యాక్టీరియాను బుడిపెనుంచి వేరుచేసి పెంచాడు. మరుసటి ఏడు ఫ్రాంక్ దానికి రైజోబియం అని పేరుపెట్టాడు.

తరువాతి శతాబ్దం ఆ బుడిపె లోపలి వ్యవహారాన్ని విప్పిచెప్పింది. నత్రజని కరువైనప్పుడు వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన బ్యాక్టీరియా తన సంకేత పదార్థాన్ని తిరిగి పంపుతుంది. ఆ సంకేతం సరిపోలితే వేరు నూగు కొక్కెంలా వంగి బ్యాక్టీరియాను పట్టుకొని, లోపలికి దారి ఇచ్చి, దాని చుట్టూ బుడిపెను కట్టుకుంటుంది. లోపల బ్యాక్టీరియా చేసే పనికి నైట్రోజినేస్ అనే ఎంజైము సాధనం. ఇనుము, మాలిబ్డినం ఉన్న ఈ ఎంజైము ప్రాణవాయువు సోకితే పాడవుతుంది. బ్యాక్టీరియా బతకడానికి ప్రాణవాయువు కావాలి, దాని ఎంజైము బతకడానికి అది ఉండకూడదు. ఈ చిక్కును తీర్చేది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్. జపానులో కుబో 1939లో గుర్తించిన ఈ పదార్థం ప్రాణవాయువును పట్టివుంచి తగుమాత్రంగా అందిస్తుంది. పనిచేస్తున్న బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ ఎరుపు కనిపించడానికి ఇదే కారణం. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అది పని మొదలుపెట్టనిదో, మానేసినదో. ఇదంతా ఉచితం కాదు. ఒక్కొక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీ అణువుల శక్తి ఖర్చవుతుంది, ఆ శక్తికి కావలసిన చక్కెరనంతా మొక్కే పెట్టుకోవాలి. అందుకే పొలంలో యూరియా దండిగా ఉన్నప్పుడు మొక్క బుడిపెలను పోషించదు. ఇదే పనిని కర్మాగారంలో చేయడానికి 400 డిగ్రీలకు పైబడిన వేడీ, వాతావరణ పీడనానికి వందరెట్లకు మించిన ఒత్తిడీ కావాలి. హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపిన ఆ పద్ధతిని బాష్ 1913 నాటికి ఓపౌ కర్మాగారంలో పారిశ్రామిక స్థాయికి తెచ్చాడు. బుడిపె రహస్యం తేలిన పాతికేళ్లకే దాని పోటీదారు పుట్టాడన్నమాట.

బ్యాక్టీరియా సంగతి తెలియగానే యూరప్ రైతులకు మొదట తోచిన ఉపాయం చాలా సూటిది: పంట బాగా వచ్చిన పొలపు మట్టిని బండ్లకెత్తి కొత్త పొలంలో చల్లడం. వాయవ్య జర్మనీలో కొత్తగా సాగులోకి తెస్తున్న పీట్ నేలల్లో, అంటే కుళ్లిన నాచు పేరుకొని ఏర్పడిన చిత్తడి నేలల్లో, సాల్‌ఫెల్డ్ 1887లో ఈ పని చేసి మంచి ఫలితం సాధించాడు. కాని మట్టితోపాటు కలుపు విత్తనాలూ తెగుళ్లూ కూడా వచ్చేవి, బండి బాడుగ భారమయ్యేది. జీవిని మాత్రమే తీసుకొని మట్టిని వదిలేస్తే ఈ బాధలుండవని భావించిన నోబె, హిల్ట్‌నర్ 1896లో వేర్వేరు పంటలకు వేర్వేరు బ్యాక్టీరియాను జెలటిన్ మీద పెంచి సీసాల్లో అమ్మే పద్ధతికి పేటెంటు పొందారు. నైట్రాజిన్ అనే పేరుతో వచ్చిన ఆ సరుకు ప్రపంచంలో తొలి వాణిజ్య జీవన ఎరువు. ఫలితాలు ఒకచోట ఉన్నట్టు ఇంకొకచోట ఉండేవి కావు. 1900 తరువాతి సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ బ్యాక్టీరియాను దూదికి పట్టించి ఆరబెట్టి రైతులకు ఉచితంగా పంపింది. దూది తేలికగా టపాలో వెళ్లింది గాని, ఆరబెట్టడంలోనే జీవులు చాలావరకు చచ్చిపోవడంతో ఆ పథకానికి చెడ్డపేరు వచ్చింది. చివరకు నిలిచిన వాహకం, అంటే బ్యాక్టీరియాను మోసే పదార్థం, పీట్ పొడి. తేమను పట్టివుంచి, ఆమ్లగుణం తగ్గిస్తే నెలల తరబడి జీవులను బతికించే ఆ పదార్థం నిజానికి ఒక రకం మట్టే. సీసానుంచి దూది దాకా తిరిగిన శాస్త్రం మళ్లీ మట్టి దగ్గరికే రావలసివచ్చింది. ఈ అనుభవాల మధ్యనే హిల్ట్‌నర్ 1904లో రైజోస్పియర్ అనే భావనను, అంటే వేరు స్రావాల ప్రభావంతో సూక్ష్మజీవులు అసంఖ్యాకంగా గుమిగూడే మట్టి పొర అనే భావనను ప్రవేశపెట్టాడు. మొక్క ఆరోగ్యం ఆ పొరలో ఎవరెవరు కాపురముంటున్నారన్న దానిమీద ఆధారపడుతుందని అతడు గుర్తించాడు.

భారతదేశంలో ఈ శాస్త్రం ప్రవేశిస్తున్న రోజుల్లో ఇక్కడి రైతుల ఆచారాలను తొలిసారి గౌరవంగా చూసినవారిలో జాన్ అగస్టస్ వోల్కర్ ఒకడు. ఇంగ్లండు రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ సలహా రసాయనవేత్త అయిన అతడు దేశమంతా తిరిగి 1893లో వెలువరించిన నివేదికలో, ధాన్యపు పైర్లలో పప్పుజాతిని కలిపి విత్తే ఇక్కడి పద్ధతిని వెనుకబాటుతనంగా కాక తెలివైన పనిగా పరిగణించాడు. బిహారులోని పూసా పరిశోధనాలయంలో ఎన్.వి. జోషి 1920లో మన పప్పుజాతి మొక్కల బుడిపె బ్యాక్టీరియాను వేరుచేసి అధ్యయనం ప్రచురించాడు. అదే పూసాలో పనిచేసి తరువాత ఇండోర్‌కు మారిన ఆల్బర్ట్ హోవర్డ్ చెత్తనూ పేడనూ పొరలుగా పేర్చి కుళ్లబెట్టే ఇండోర్ పద్ధతిని రూపొందించాడు. సూక్ష్మజీవిని తెచ్చి వేయడం కంటే నేలలో దానికి తిండి పెట్టడం మేలన్నది హోవర్డ్ వాదసారం. అతడి కొన్ని అభిప్రాయాలు అతిశయోక్తులని తరువాతివారు తేల్చినా, ఈ ఒక్క విషయంలో కాలం అతడి పక్షాన నిలిచింది.

వరి విషయం వేరు. వరికి బుడిపెలు లేవు. అయినా బెంగాల్లోనూ తెలుగు డెల్టాల్లోనూ ఎరువు అంతంతమాత్రంగా పడే పొలాలు శతాబ్దాల తరబడి ఒకే స్థాయిలో దిగుబడి ఇస్తూ వచ్చాయి. ఆ నత్రజని ఎక్కడిదన్న ప్రశ్నకు పి.కె. డే 1939లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురణలో సమాధానమిచ్చాడు: నిలిచిన నీటి మీద, తడి మట్టి మీద జిగటగా పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలి నత్రజనిని పట్టి పొలానికి చేరుస్తున్నది. సయనోబ్యాక్టీరియా అని నేడు పిలిచే ఈ నాచు సూర్యరశ్మితో తన తిండి తాను వండుకోగలదు కనుక మొక్క మీద ఆధారపడదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆర్.ఎన్. సింగ్ ఈ నాచుతో చౌడు నేలలను బాగుచేయవచ్చని చూపి, 1961లో భారత వ్యవసాయంలో దాని పాత్ర మీద గ్రంథం వెలువరించాడు. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ రేకు తొట్లలోనూ నిస్సార గుంటల్లోనూ రైతే నాచు పెంచి ఎండబెట్టుకొనే పద్ధతిని ప్రచారం చేశాడు. వియత్నాం, చైనా రైతులు తరతరాలుగా వరిమళ్లలో పెంచిన అజొల్లా అనే చిన్న నీటి ఫెర్న్‌లో కూడా ఆకు గుంటల్లో కాపురముండే నాచే నత్రజనిని పడుతుంది. కటక్ వరి పరిశోధనాలయం 1970లలో దాన్ని మన పొలాలకు పరిచయం చేయబూనింది. తెలుగునాట అజొల్లా ఎరువుగా కంటే పాడిపశువుల దాణాగా ఎక్కువ స్థిరపడటం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

ఇదే కాలంలో ఎదురుగా పెద్ద ప్రవాహం వచ్చింది. 1951లో సింద్రీ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 1960ల మధ్యలో పొట్టి రకం వరి, గోధుమ వంగడాలు వచ్చాయి. 1967లో విశాఖలో కోరమండల్ కర్మాగారం వెలిసింది. బస్తా యూరియా చల్లిన వారంలో చేను పచ్చబడటం కళ్లకు కనిపించేది, నాచు చేసే పని కనిపించేది కాదు. ప్రభుత్వం రాయితీ ఇచ్చిన సరుకుతో కంటికి కనిపించని జీవి పోటీపడవలసివచ్చింది. ఆ పోటీలో అది ఓడిపోవడంలో ఆశ్చర్యం లేదు; కొన్ని చోట్ల గెలవడమే పరిశీలించదగిన విషయం.

అలా గెలిచిన చోటు సోయా చిక్కుడు. జబల్‌పూర్, పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి 1960లలో ఈ పంటను పెద్దఎత్తున ప్రవేశపెట్టినప్పుడు, దానికి సరిపడే బ్రాడీరైజోబియం జాతి మన నేలల్లో తగినంత లేకపోవడంతో, విత్తనానికి కల్చర్, అంటే ప్రయోగశాలలో పెంచిన బ్యాక్టీరియా, పట్టించిన పొలానికీ పట్టించని పొలానికీ తేడా స్పష్టంగా కనిపించింది. బ్రెజిల్ ఇదే పంటతో మరింత ముందుకు వెళ్లింది. చెక్ దేశంలో పుట్టి అక్కడ స్థిరపడిన యోహానా డోబెరైనర్ వంటి శాస్త్రవేత్తల పట్టుదలతో ఆ దేశపు సోయా సేద్యం నత్రజని ఎరువు బదులు బ్యాక్టీరియా మీద నడుస్తున్నది. మరి మినుము, పెసర, అలసంద, కంది, వేరుశనగల సంగతి ఏమిటి? వీటిలో బుడిపెలు కట్టే అలసంద వర్గపు బ్యాక్టీరియా మన నేలల్లో ముందునుంచీ కోట్లకొద్దీ ఉన్నది. అది పనిలో మంచిదైనా కాకపోయినా వేరును ముందు అందుకునేది అదే. సంచిలోంచి వచ్చిన మేలుజాతికి చోటు దొరకదు. డెల్టా రైతు వందేళ్లుగా ఏ కల్చరూ లేకుండా మినుము పండించగలగడానికీ, కల్చర్ సంచీలు అదే పొలంలో పలుమార్లు తేడా చూపలేకపోవడానికీ కారణం ఒక్కటే.

ఈ నియమానికి రాయలసీమ వేరుశనగ ఒక మినహాయింపును అందించింది. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు వేరుశనగ మీద అనేక రకాల రైజోబియాన్ని పరీక్షించినప్పుడు, ఎన్‌సి 92 అనే జాతి రొబట్ 33-1 అనే రకంతో కలిసినప్పుడు స్థానిక బ్యాక్టీరియాను తట్టుకొని దిగుబడి పెంచింది. ఆ రకమే కదిరి 3 పేరుతో అనంతపురం ప్రాంత రైతులకు చిరపరిచితం. వేరుశనగకు వేరు నూగు అంతగా ఉండదు. బ్యాక్టీరియా పక్కవేళ్లు చీల్చుకొని వచ్చే పగుళ్ల గుండా లోపలికి పోతుంది కనుక, ఏ జాతి ఎక్కడ కాచుకొని ఉన్నదన్నది ఇక్కడ మరింత ముఖ్యమవుతుంది. అయితే ఒక రకానికీ ఒక జాతికీ కుదిరిన ఈ జత అన్ని రకాలకూ కుదరలేదు. బెర్న్‌బుర్గ్‌లో లూపిన్ చెప్పిన పాఠాన్నే వేరుశనగ మళ్లీ చెప్పింది.

1983లో కేంద్ర ప్రభుత్వం జీవన ఎరువుల జాతీయ పథకాన్ని ఘాజియాబాద్ కేంద్రంగా ప్రారంభించాక కల్చర్ సంచి తెలుగు పల్లెలకు విరివిగా చేరింది. మన దేశంలో మేలైన పీట్ దొరకదు కనుక నైవేలి లిగ్నైటు, కర్రబొగ్గు పొడి వాహకాలయ్యాయి. ఎకరానికి సరిపడే విత్తనానికి 200 గ్రాముల పొట్లం. చల్లార్చిన బెల్లపు పాకంతో గింజలను తడిపి, ఆ నల్లని పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తడం. చెప్పడానికి ఎంతో తేలికైన ఈ పని నడుమ ఎన్నో అవాంతరాలున్నాయి. లిగ్నైటులోని జీవి చల్లని చోట కొన్ని నెలలు బతుకుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద గోదాములో, 40 డిగ్రీలు దాటిన వేడిలో, తొలకరి దాకా ఆగవలసివచ్చిన పొట్లంలో మిగిలేది బొగ్గుపొడి మాత్రమే. విత్తనం ద్వారా వచ్చే తెగుళ్లను అరికట్టడానికి పట్టించే థైరమ్, కాప్టాన్ వంటి శిలీంధ్రనాశినులు బ్యాక్టీరియానూ చంపుతాయి. అందుకే ముందు మందు, ఆ తరువాత వ్యవధి ఇచ్చి కల్చర్ అన్న వరుస పుట్టింది, ఆ వరుసను పాటించే ఓపిక విత్తే అదనులో ఎవరికీ ఉండదు. రసాయన ఎరువు నాణ్యతను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఎంతో ముందునుంచే అదుపుచేస్తున్నా, జీవన ఎరువులను ఆ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది 2006లో. అప్పుడు రైజోబియానికి గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలన్న కొలత వచ్చింది. అంటే రెండు దశాబ్దాలకు పైగా రైతు కొన్న పొట్లంలో జీవి ఉన్నదో లేదో అడిగే చట్టం లేదు. జీవన ఎరువులు పనిచేయవన్న అపవాదు ఎక్కువ భాగం ఆ కాలంలో పుట్టినదే. తరువాత వచ్చిన ద్రవరూప కల్చర్లు సీసాల్లో ఏడాదిదాకా నిలవడంతో కొంత ఇబ్బంది తీరింది. నోబె, హిల్ట్‌నర్లు సీసాతో మొదలుపెట్టిన ప్రయాణం నూరేళ్లకు మరింత మెరుగైన సీసాకు చేరింది.

నత్రజనిని పట్టేవి గాక మేలు చేసే తక్కిన సూక్ష్మజీవుల చరిత్ర ఇంత పొడుగైనది కాదు గాని, ఫలితంలో తీసిపోదు. ప్రష్యా ప్రభుత్వం కోరికపై ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగులను పెంచే మార్గం వెతకబోయిన ఫ్రాంక్, 1885లో చెట్ల వేళ్లతో బూజు కలిసి జీవించే పద్ధతిని కనిపెట్టి మైకోరైజా అని పేరుపెట్టాడు. వేరు చేరలేని చోటినుంచి భాస్వరాన్ని తెచ్చిపెట్టే ఈ బూజు పోగులు నేలమీది మొక్కలలో అత్యధిక భాగానికి తోడుగా ఉన్నాయి. 1932లో వైండ్లింగ్ ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం ఇతర శిలీంధ్రాలను చుట్టుకొని తినేస్తుందని చూపాడు. నేడు తెలుగు రైతులు 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, కిలో రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, గోనెపట్టా కప్పి వారం పదిరోజులు పెంచి పొలంలో వేసేది దానినే. వేరుశనగ మొదలుకుళ్లు, కంది ఎండుతెగులు వంటి నేల ద్వారా వచ్చే తెగుళ్లకు మందు చల్లి ప్రయోజనం అంతంతమాత్రం కనుక, ఈ పద్ధతి పొట్లం రైజోబియం కంటే త్వరగా నమ్మకం సంపాదించింది. ఇక్కడ రైతు కొన్నది తోడు మాత్రమే. అసలు పెంపకం జరిగింది అతడి పెంటకుప్పలో. వాహకం స్థానికమైనప్పుడు జీవి నిలిచింది.

2015 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా విస్తరించిన ప్రకృతి వ్యవసాయం ఈ తర్కాన్ని మరో కొసకు తీసుకువెళ్లింది. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతంలో 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి, చివరగా గట్టు మీదనుంచో రసాయనాలు సోకని చోటినుంచో తెచ్చిన పిడికెడు మన్ను వేస్తారు. సాల్‌ఫెల్డ్ బండ్లతో మోసినది ఇక్కడ పిడికిలికి తగ్గింది. బెల్లమూ పిండీ దానికి తిండి. దీని మీద శాస్త్రవేత్తల్లో గట్టి అభ్యంతరాలున్నాయి: ఆ ద్రవంలో ఉండే నత్రజని పంట అవసరానికి ఏ మూలకూ రాదనీ, దేశమంతా దీన్ని అమలుచేసే ముందు క్షేత్రస్థాయి పరీక్షలు కావాలనీ జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ 2019లో హెచ్చరించింది. నత్రజని లెక్క వరకు ఆ అభ్యంతరం సబబే. పీపాలో పెరిగిన జీవులు పొలంలో ఎన్నాళ్లు నిలుస్తాయన్నది కూడా అడగదగిన ప్రశ్నే. కాని ఆ కార్యక్రమం జీవామృతంతో ఆగలేదు. తొలకరికి ముందే పలురకాల గింజలను మట్టితో, ఘనజీవామృతంతో పూతపట్టి చల్లి, ఏడాదిలో ఎక్కువ రోజులు నేల మీద పచ్చదనం, నేలలో బతికిన వేరు ఉండేటట్లు చూడటం అందులో భాగమైంది. ఆ గింజల్లో అలసంద, పెసర, ఉలవ, జనుము, జీలుగు ఉన్నాయి కనుక, నత్రజని లెక్కలో కొంతభాగం అవే పూడుస్తాయి. ఈ రెండింటిలో పాత డెల్టా ఆచారానికి దగ్గరగా ఉన్నది పీపా కాదు, ఆ గింజల మిశ్రమమే.

ఆ డెల్టాలోనే మినుము విస్తీర్ణం ఈ శతాబ్దంలో తగ్గుతూ వచ్చింది. పల్లాకు తెగులు ఒకవైపు, మొక్కను చుట్టుకొని పీల్చే బంగారుతీగ మరొకవైపు దాన్ని దెబ్బతీశాయి. కాలవల నీరు ఆలస్యమై వరి కోత వెనుకకు జరిగితే విత్తే అదను తప్పింది. కొడవలి స్థానంలో వరికోత యంత్రం వచ్చాక, కోతకు ముందు చల్లిన గింజ మొలక దాని చక్రాల కింద నలిగింది. కృష్ణా, గుంటూరు జిల్లాల వరి మాగాణుల్లో దున్నకుండానే మొక్కజొన్న విత్తే పద్ధతి ఆ ఖాళీలోకి ప్రవేశించింది. రైతుకు ఆదాయం పెరిగింది, అందులో సందేహం లేదు. అయితే పెట్టుబడి లేకుండా గాలినుంచి నత్రజని తెచ్చిన పైరు ఉండిన పొలంలోనే ఇప్పుడు ఆ ఋతువుకు విడతలు విడతలుగా యూరియా వేయవలసివస్తున్నది. అక్కడి మట్టిలో అలసంద వర్గపు బ్యాక్టీరియా ఇంకా ఉన్నది గాని, అది అందుకోవడానికి వేరు లేదు.